అచ్చాఫీసుకు తాళం పడిన ఏడు: నార్ల వెంకటేశ్వరరావు జీవితం

నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, బెజవాడ–హైదరాబాదు రోడ్డు మీద ఉన్న ఊరు చిల్లకల్లు. మెట్ట నేల. మిరప, పత్తి, కంది పండే చోటు. చుట్టుపక్కల సున్నపురాయి, దాని వెంట వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీలు. ఇలాంటి ఊళ్లకు పత్రిక బస్సుతోపాటే వచ్చేది. టీ కొట్టు దగ్గర చదువొచ్చినవాడు ఒకడు పైకి చదువుతుంటే, పనికి పోబోతూ నలుగురు ఆగి వినేవాళ్లు. చదివినవాడికీ విన్నవాళ్లకూ ఆ కాగితం ఎవరు రాశారో కొంత తెలుసు, పేరు కింద ఉంటుంది కనక. ఎవరు పేర్చారో, ఎవరు అచ్చు వేశారో, వాళ్లకు కూలి ఎంత గిట్టిందో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

1959 ముందు తెలుగువాళ్లకు పెద్ద దినపత్రికలనిపించుకున్న ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసులోనే అచ్చయ్యేవి. కమ్యూనిస్టుల పత్రికలు బెజవాడ నుంచి వచ్చేవి గానీ, వాటి సంగతి వేరు. మద్రాసు కాగితం రైలెక్కి బెజవాడ దిగి, అక్కణ్ణించి బస్సెక్కి మెట్టకు చేరేసరికి వార్త చల్లారిపోయేది. 1959లో ఆంధ్రప్రభ బెజవాడకు మారింది. చిల్లకల్లుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోనే అచ్చు పడటం మొదలైంది. చదివేవాడికి ఇది లాభమే, కాదనలేం. అయితే ఆ కాగితం మద్రాసు ఎందుకు వదిలింది? చదువరుల మీద ప్రేమ ఒక్కటే కారణమైతే ఇప్పుడు చెప్పుకోవలసింది ఏమీ లేదు. అక్కడ ఒక సమ్మె ఉంది. ఒక తాళం ఉంది. సుప్రీంకోర్టు దాకా నడిచిన వ్యాజ్యం ఉంది. పదిహేడేళ్లు ఆ పత్రికకు సంపాదకుడుగా ఉండి, ఆ ఏడాదే బయటికి నడిచిన కృష్ణా జిల్లా మనిషి ఉన్నారు. ఆయనే నార్ల వెంకటేశ్వరరావు.

నార్ల పుట్టింది 1908 డిసెంబరు 1న, మధ్య పరగణాల్లోని జబల్పూరులో. పెరిగింది గుడివాడ దగ్గర కవుతరం. అంటే డెల్టా మాగాణి మనిషి, మన మెట్ట మనిషి కాదు. కాలవ నీళ్ల పక్కన పెరిగినవాడికీ, వాన కోసం ఆకాశం చూసేవాడికీ తేడా ఉంటుంది. ఆయన కాలానికి కృష్ణా జిల్లా డెల్టా పల్లెల్లో చదువు, గ్రంథాలయం, సంఘ సంస్కరణ, స్వరాజ్యం అన్నీ ఒకేసారి ఇంట్లోకొచ్చాయి. ఆ గాలి పీల్చి పెరిగిన కుర్రాళ్లు చాలామంది పత్రికల్లోకి పోయారు. ఆ రోజుల్లో పత్రికంటే ఉద్యోగం కింద లెక్క కాదు. జీతం సరిగా వచ్చేది కాదు, వచ్చినా చాలేది కాదు. దేశసేవ అనే మాట ముందు పెట్టి యజమానులు జీతం మాట వెనక్కి నెట్టేవాళ్లు. కామందు తన ఇంటి పాలేరును ఇంట్లో మనిషివేగదా అంటూ కూలి ఎగ్గొట్టడం మన ఊళ్లలో చూసిందే. పత్రికల్లో జరిగిందీ అలాంటిదే, కాకపోతే ఇంట్లో మనిషికి బదులు దేశభక్తుడు అనేవాళ్లు.

స్వరాజ్య, జనవాణి, ప్రజామిత్ర, ఇలా చిన్నాపెద్దా పత్రికల్లో నార్ల పని నేర్చుకున్నారు. జనవాణి తాపీ ధర్మారావు గారిది, ప్రజామిత్ర గూడవల్లి రామబ్రహ్మం గారిది. ఇద్దరూ జనం మాట్లాడే తెలుగును కాగితం మీదికి తేవాలని పట్టుబట్టినవాళ్లు. 1938 ఆగస్టు 15న మద్రాసులో ఆంధ్రప్రభ మొదలైనప్పుడు దానికి ఖాసా సుబ్బారావు సంపాదకుడు. నార్ల వార్తల విభాగంలో చేరారు. 1942లో సంపాదకుడయ్యారు. యజమాని రామ్‌నాథ్ గోయెంకా. బీహారు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడిన మార్వాడీ వ్యాపారి. ఇండియన్ ఎక్స్‌ప్రెస్, తమిళ దినమణి, తెలుగు ఆంధ్రప్రభ, అన్నీ ఆయన ఎక్స్‌ప్రెస్ సంస్థలోవే.

నార్ల చేసిన పెద్ద పని భాషలో కనబడుతుంది. అప్పటిదాకా సంపాదకీయమంటే సంస్కృత సమాసాల మూట. చదువుకున్నవాడికే సగం అర్థమయ్యేది. నార్ల వాడుక మాటను సంపాదకీయంలోకి ఎక్కించారు. వాక్యం పొట్టి చేశారు. సామెతను వాడారు. వేమన లాగా చురక పెట్టారు. టీ కొట్టు దగ్గర పైకి చదివితే విన్నవాడికి తలకెక్కే తెలుగు అది. ఈ మార్పు వల్లనే ఆంధ్రప్రభ అమ్మకం పెరిగి, తనకంటే పాతదైన ఆంధ్రపత్రికను దాటిపోయింది. అమ్మకం పెరిగితే ప్రకటనలు పెరుగుతాయి, ప్రకటనలు పెరిగితే యజమాని పెట్టె నిండుతుంది. సంపాదకుడి కలం పదును యజమానికి రాబడి అయింది. ఈ లెక్క నార్లకు తెలియనిది కాదు.

ఒక మాట ఇక్కడే చెప్పేసుకోవాలి. నార్ల మన పక్షపు మనిషి కాదు. ఆయన హేతువాది, మానవవాది. కమ్యూనిస్టుల మీద ఆయనకు నమ్మకం లేదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో ఆంధ్రప్రభ కమ్యూనిస్టులకు ఎదురు నిలిచింది. ఆ ఎన్నికల్లో ఎర్రజెండా ఓడటంలో పత్రికల ప్రచారం పాలు చిన్నదేమీ కాదు. మెట్ట కృష్ణలో మునగాల పరగణా రైతు పోరాటం దగ్గర్నుంచి జెండా మోసిన పల్లెలకు అది మరిచిపోదగిన సంగతి కాదు. ఇవన్నీ తెలిసి కూడా ఆయన జీవితం చెప్పుకోవడం ఎందుకంటే, 1959లో ఆయన ముందుకు వచ్చిన ప్రశ్న అలాంటిది. పెద్దపాలేరు ముందుకు వచ్చే ప్రశ్న అది.

పెద్దపాలేరు అంటే ఏమిటో మన చదువరులకు విడమర్చి చెప్పనక్కరలేదు. కామందుకు నమ్మకస్థుడు. మిగతా పాలేళ్లకూ కూలీలకూ పని పురమాయించేవాడు. తినేది మాత్రం జీతం కూడే. కూలి పెంచమని జనం పని మానినప్పుడు అతను ఎటు నిలబడాలి? కళ్లం కామందుది, చేతులు కూలీలవి, అతను మధ్యలో. పత్రికలో సంపాదకుడి చోటు కచ్చితంగా అదే.

ఇక ఆ అచ్చాఫీసు లోపలికి పోదాం. ఆ రోజుల్లో తెలుగు అచ్చంటే సీసపు పని. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే వందలాది గళ్లు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రకం సీసపు ముక్క. కంపోజిటరు చేతిలో స్టిక్కు పట్టుకుని, గళ్ల ముందు నిలబడి, రాతప్రతి చూస్తూ ముక్క తరవాత ముక్క ఏరి వరస పేరుస్తాడు. అక్షరం అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటుంది, దాన్ని అలాగే చదవడం అలవాటు చేసుకోవాలి. పేర్చిన వరసలు గేలీలోకి పోతాయి, ప్రూఫు తీస్తారు, తప్పులు దిద్దుతారు, పేజీ కట్టి బిగిస్తారు. అచ్చయ్యాక పని తీరిందా అంటే లేదు. ఆ ముక్కలన్నీ మళ్లీ ఏ గడివి ఆ గడిలో వెయ్యాలి. అంతా రాత్రి పని. సీసం గాలి, బల్బు వెలుగు, నిలువుకాళ్ల మీద గంటలు. నాట్ల కాలంలో ఆడకూలీలకు నడుము పోయినట్టు, వీళ్లకు కళ్లూ ఊపిరీ పోయేవి. నార్ల రాసిన పొట్టి వాక్యం ఎంత పదునైనా, కంపోజిటరు వేలి కొసల మీదుగా రాకపోతే కవుతరం దాకానైనా పోదు, చిల్లకల్లు దాకా అసలే పోదు.

రాతబల్ల దగ్గర ఉన్నవాళ్ల స్థితి పైకి తెల్లచొక్కా గానీ లోపల అంత మెరుగేమీ కాదు. ఉద్యోగానికి కాగితం ఉండేది కాదు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. అందుకే 1950లో దేశం మొత్తానికి పత్రికా రచయితల సంఘం పుట్టింది. దానికి తొలి అధ్యక్షుడు ఒక తెలుగువాడు కావడం మనం గుర్తుపెట్టుకోవలసింది. మానికొండ చలపతిరావు, లక్నో నుంచి వచ్చే నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు. సంపాదకుడై ఉండి కూడా తాను పనివాణ్ణేనని లెక్కవేసుకుని సంఘం పెట్టినవాడు. 1952లో కేంద్రం వేసిన ప్రెస్ కమిషన్‌లో ఆయన సభ్యుడు. ఆ కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. దాని వెంట 1955 డిసెంబరులో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది.

ఆ చట్టంలో ఏముందో కొంచెం చూడాలి. నాలుగు వారాలకు కలిపి 144 గంటలకు మించి పని చేయించకూడదు. తీసెయ్యాలంటే సంపాదకుడికి 6 నెలలు, మిగతా రచయితలకు 3 నెలలు ముందు నోటీసివ్వాలి. గ్రాట్యుటీ ఇవ్వాలి. జీతాలు నిర్ణయించడానికి వేజ్ బోర్డు వెయ్యాలి. పారిశ్రామిక వివాదాల చట్టం వీళ్లకూ వర్తిస్తుంది. సంపాదకుణ్ణి కూడా చట్టం పనివాళ్ల లెక్కలోనే వేసిందని గమనించండి. అచ్చు కార్మికుడు మాత్రం ఇందులోకి రాలేదు. అతనికి ఫ్యాక్టరీ చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టమే దిక్కు. పత్రికలో రచన చెయ్యని ఉద్యోగులకు కూడా ఈ చట్టం కింద వేజ్ బోర్డు అందింది 1974 సవరణ తరవాతే. ఒకే కప్పు కింద, ఒకే కాగితం కోసం పనిచేసేవాళ్లను చట్టం పంతొమ్మిదేళ్లు రెండు పంక్తుల్లో కూర్చోబెట్టింది.

జస్టిస్ దివాటియా అధ్యక్షతన తొలి వేజ్ బోర్డు 1957లో జీతాలు నిర్ణయించింది. యజమానులు ఊరుకున్నారా? ఎక్స్‌ప్రెస్ సంస్థ తదితరులు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 మార్చి 19న తీర్పు వచ్చింది. చట్టం చెల్లుతుంది, కానీ బోర్డు జీతాలు చెల్లవు. యజమానికి ఇచ్చుకునే తాహతు ఉందా లేదా అన్నది బోర్డు సరిగా చూడలేదన్నది కారణం. తాహతు అనే ఈ మాట మనకు కొత్తది కాదు. పంట పోయింది, ధర లేదు, కూలి పెంచే తాహతు లేదు అనడం మిరప కోతల కాలంలో ఏటా వినేదే. ధర మూడింతలైన ఏడు ఆ మాట ఎత్తేవాళ్లుండరు. సరే, పార్లమెంటు 1958లోనే ఇంకో చట్టం చేసి జీతాల కోసం కమిటీ వేసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నార్ల రాజ్యసభ సభ్యుడయ్యారు. కమిటీ సిఫార్సుల మీద కేంద్రం ఉత్తర్వు 1959 మే నెలలో వచ్చింది. అది రావడానికి కొద్ది వారాల ముందే మద్రాసు మౌంట్ రోడ్డులో పని ఆగిపోయింది.

జరిగింది ఇది. ఆంధ్రప్రభ దినపత్రికనూ, దాని సచిత్ర వారపత్రికనూ విజయవాడలో ఒక వేరే ప్రైవేటు కంపెనీకి అప్పగించాలని యాజమాన్యం నిర్ణయించింది. కాగితం మీద అది వేరే కంపెనీ. మద్రాసులో ఆ పత్రికల మీద బతుకుతున్న కంపోజిటర్లు, మెషిన్‌మెన్, ప్రూఫ్ రీడర్లు, సబెడిటర్లు ఏం కావాలి? వాళ్ల సర్వీసు ఏం కావాలి? పాత కంపెనీ, అక్కడ మీ పత్రిక లేదంటుంది. కొత్త కంపెనీ, నీ పేరు మా పుస్తకంలో లేదంటుంది. భూమి పరిమితి చట్టం వస్తుందనగా పొలాన్ని బామ్మర్ది పేరున, పనిమనిషి పేరున రాయించిన కామందుల్ని ఎరిగున్నవాళ్లకు ఈ కిటుకు తెలియడానికి వకీలు అక్కర్లేదు.

1959 ఏప్రిల్ 27 నుంచి కార్మికులూ రచయితలూ కలిసి సమ్మెకు దిగారు. కలిసి అన్నది ముఖ్యం. సీసం ముట్టే చెయ్యీ, కలం పట్టే చెయ్యీ ఒకే గేటు ముందు నిలబడ్డాయి. చట్టం వేరుచేసినవాళ్లు వీధిలో ఒకటయ్యారు. యాజమాన్యం రెండు మూడు రోజులు కూడా ఆగలేదు. తలుపులు మూసేసింది. మూసి, ఇది లాకౌటు కాదు, మద్రాసులో వ్యాపారమే కట్టేశాం అని వాదన పెట్టింది.

ఈ రెండు మాటల తేడా కూలీ సంఘాల్లో పనిచేసేవాళ్లు బాగా తెలుసుకోవాలి. లాకౌటంటే పనివాళ్లను లొంగదీయడానికి తాత్కాలికంగా తాళం వెయ్యడం. అది న్యాయమా కాదా అని ట్రిబ్యునల్ విచారించవచ్చు, న్యాయం కాదంటే జీతం ఇప్పించవచ్చు. మూసివేత అంటే యజమాని ఆ వ్యాపారాన్నే వదులుకోవడం. అప్పటి చట్టం ప్రకారం అది అతని ఇష్టం, తెరవమని ఎవరూ ఆజ్ఞాపించలేరు. కౌలుదారుకు హక్కొస్తుందని భూమిని ఒక ఏడు బీడు పెట్టడం ఉంది, నిజంగా సేద్యం మానేసి పట్నం పోవడమూ ఉంది. గట్టున నిలబడి చూస్తే రెండూ బీడుగానే కనిపిస్తాయి. మనసులో ఏముందో తరచి చూడాలి. యాజమాన్యం అడిగిందల్లా ఆ తరచి చూడటమే కూడదని.

మద్రాసు ప్రభుత్వం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపింది. పంపిన ప్రశ్నలు రెండు. ఆంధ్రప్రభ పత్రికల్ని విజయవాడ కంపెనీకి మార్చడం న్యాయమేనా? ఏప్రిల్ 27 నుంచి సమ్మె, దాని వెంట వచ్చిన లాకౌటు న్యాయమేనా? యాజమాన్యం హైకోర్టుకు పోయింది. అక్కణ్ణించి వ్యాజ్యం సుప్రీంకోర్టు చేరింది. 1962లో సుప్రీంకోర్టు తేల్చిందేమంటే, జరిగింది నిజమైన మూసివేతా, మూసివేత ముసుగు వేసిన లాకౌటా అన్నది ట్రిబ్యునలే సాక్ష్యం తీసుకుని చూడాలి. యజమాని మూసేశానన్నంత మాత్రాన విచారణ గడపలోనే ఆగిపోదు. ఆ తరవాత దేశంలో ఎన్నో ఫ్యాక్టరీల కార్మికులు మూసివేతల మీద కొట్లాడినప్పుడు ఈ తీర్పును ముందు పెట్టుకున్నారు. ఒక తెలుగు పత్రిక అచ్చాఫీసు కార్మికుల వ్యాజ్యం నుంచి వచ్చిన హక్కు అది. అయితే ట్రిబ్యునల్ చూడవచ్చు అని తేలడానికే మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు గేటు బయట ఉన్నవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్న ప్రశ్న తీర్పు పుస్తకాల్లో ఉండదు. కోర్టులో గెలిచి కడుపులో ఓడటం కూలీలకు తెలియని సంగతి కాదు.

ఈ గొడవలో నార్ల ఎటు నిలబడ్డారు? ఆయన జీవితం రాసినవాళ్లు చెప్పే ప్రకారం, సిబ్బంది సమ్మె విషయంలో ఆయనకు గోయెంకాతో పడలేదు, ఆయన మొగ్గు సిబ్బంది వైపే ఉంది. కచ్చితంగా కనబడేది ఏమిటంటే, పత్రిక బెజవాడకు నడిచినప్పుడు దాని వెంట ఆయన నడవలేదు. పెట్టుబడి కళ్లతో చూస్తే ఆ నడక ఆయనకు లాభసాటి. సొంత జిల్లా, సొంత పాఠకులు, తెలుగులో అప్పటికి అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే పత్రిక. రాజ్యసభ సభ్యుడి హోదా కూడా ఉంది. కుర్చీ వదలకుండా ఉంటే అడిగేవాడు లేడు. 1942 నుంచి కూర్చున్న ఆ కుర్చీ వదిలేశారు. నీలంరాజు వెంకటశేషయ్య ఆ స్థానంలోకి వచ్చారు. పత్రిక ఒక్కరోజైనా ఆగకుండా బెజవాడలో సాగిపోయింది అని చెప్పడానికి లేదు గానీ, మొత్తానికి సాగిపోయింది. పెద్దపాలేరు పోయినా కామందు పొలం బీడు పడదు.

ఆయన చేసింది గొప్ప విప్లవమని మనం అనబోవడం లేదు. రోడ్డు మీద పడ్డ కంపోజిటరుకు రాజ్యసభ జీతం లేదు, కొత్త పత్రిక పెడతాం రమ్మని పిలిచే పెట్టుబడిదారూ లేడు. నార్లకు ఆ రెండూ ఉన్నాయి. కాబట్టి ఆయన త్యాగాన్ని ఆ కార్మికుడి త్యాగంతో తూచకూడదు. అయినా అంత ఎత్తున ఉన్నవాడు ఆ వేళకు యజమాని పక్కన నిలబడకపోవడం చిన్న సంగతి కాదు. నిలబడి ఉంటే ఏమయ్యేది? సమ్మెను తిడుతూ అదే పదునైన వాడుక తెలుగులో సంపాదకీయాలు వచ్చేవి. టీ కొట్ల దగ్గర కూలీ జనమే వాటిని పైకి చదువుకుని, కూలీలదే తప్పని తల ఊపేవాళ్లు. కలానికి ఉన్న అసలు బలం, అసలు ప్రమాదం అక్కడుంది.

1960 జులైలో విజయవాడ నుంచి ఆంధ్రజ్యోతి వచ్చింది. యజమాని పారిశ్రామికవేత్త కె.ఎల్.ఎన్. ప్రసాద్, సంపాదకుడు నార్ల. చదివేవాళ్లు ఆయన పేరు చూసి పత్రిక కొన్నారు. అప్పట్నించి బెజవాడ తెలుగు పత్రికలకు రాజధాని అయింది. తెల్లవారుజామున బెజవాడ నుంచి బయల్దేరే బస్సుల్లో నందిగామ, చిల్లకల్లు, జగ్గయ్యపేట కట్టలు ఒకటికి రెండయ్యాయి, మూడయ్యాయి. ఆ కట్టల్లో ఒకదానికి మూలం మద్రాసులో పడిన తాళం, ఇంకొకదానికి మూలం ఆ తాళం వల్ల ఖాళీ అయిన సంపాదకుడు. ఒక యజమానితో పడక ఇంకో యజమాని దగ్గర చేరడం తప్ప సంపాదకుడికి దారి లేకపోయిందన్నది కూడా చూడాలి. పనివాళ్లే వాటాదార్లుగా పత్రిక పెట్టుకోవచ్చునన్న ఆలోచన ఆయన పోలేదు. ఆయన తోవ అది కాదు.

1970 దాకా రెండు దఫాలు రాజ్యసభలో ఉన్నారు. 1977 దాకా ఆంధ్రజ్యోతికి సంపాదకుడు. వేమన మీద, వీరేశలింగం మీద సాహిత్య అకాడెమీకి ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. ఆ ఇద్దర్నీ ఎంచుకోవడంలోనే ఆయన రుచి తెలుస్తుంది. చిన్నప్పటి పల్లె జీవితం కొత్తగడ్డ అనే ఏకాంకికల సంపుటిలో కనబడుతుంది. ముసలితనంలో పురాణాల మీద పడ్డారు. 1979లో వచ్చిన సీత జోస్యం నాటకం రైతుకూలీలు ఒకసారి పట్టించుకోవలసింది. రాముడు దండకారణ్యానికి పోవడాన్ని నార్ల సేద్యం కోసం అడవిని నరికే జనానికీ, అడవి మీద బతికే జనానికీ మధ్య జరిగిన తగువుగా చూపారు. మునుల ఆశ్రమాలు ఆ తగువులో ముందు పాతిన గుంజలు. రాక్షసులనిపించుకున్నవాళ్లు నేల పోగొట్టుకున్నవాళ్లు. ఈ వివరణతో పండితులు పోట్లాడతారు, పోట్లాడనివ్వండి. పోడు భూముల కోసం కేసులు మోస్తున్న మన్యం జనానికి మాత్రం అది పాత కథ అనిపించదు. ఆ నాటకానికి 1981లో సాహిత్య అకాడెమీ బహుమతి ప్రకటించారు.

1985 ఫిబ్రవరి 24న నార్ల చనిపోయారు. చలపతిరావు అంతకు రెండేళ్ల ముందే, 1983 మార్చిలో ఢిల్లీలో కన్నుమూశారు. 

వాళ్లు పోయాక సీసం పోయింది. కంప్యూటరు వచ్చి కంపోజిటరు అనే పనివాణ్ణే మాయం చేసింది. వందల గళ్ల పని నేర్చిన చేతులకు ఇంకో పని చూపించిన సంస్థలు తక్కువ. మూతలు ఆగలేదు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. 1984లో పుట్టిన ఉదయం 1995లో మూతపడింది. నార్ల మొదలుపెట్టిన ఆంధ్రజ్యోతి సైతం 2000 చివర్లో ఆగి, 2002లో వేరే యాజమాన్యం కింద తిరిగి మొదలైంది. ప్రతిసారీ లోపలున్నవాళ్లు గేటు దగ్గర నిలబడి బకాయిల లెక్క అడిగారు. జీతాల సంగతి చూస్తే పాలేకర్, బచావత్, మణిసానా, మజీతియా అని వరసగా వేజ్ బోర్డులు వచ్చాయి. మజీతియా సిఫార్సుల్ని కేంద్రం 2011లో నోటిఫై చేసింది. యజమానులు మళ్లీ సుప్రీంకోర్టుకు పోయి, 1958 నాటి వాదనలే కొత్త చొక్కా తొడిగి వినిపించారు. 2014 ఫిబ్రవరిలో కోర్టు వాటిని కొట్టేసింది. అమలు కోసం ఉద్యోగులు మళ్లీ కోర్టు ధిక్కారం కేసులు వేసుకోవలసి వచ్చింది. 1955 చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లలో కలిపేశారు. మూసివేతకు ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న నియమం 100 మంది పనివాళ్లున్న ఫ్యాక్టరీలకు ఉండేది, ఆ కోడ్‌లలో దాన్ని 300కు పెంచారు. అంటే 299 మంది ఉన్న అచ్చాఫీసుకు తాళం వెయ్యడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

వ్యవసాయ కూలీకి 1948 నాటి కనీస వేతనాల చట్టం ఉండేది. ఎంతవరకు అందిందో కూలికిపోయిన ప్రతి మనిషికీ తెలుసు. పత్రికల్లో ఆ కూలీకి సాటివచ్చే మనిషి ఇప్పుడు ఎవరంటే మండలంలో తిరిగే విలేకరి. చిల్లకల్లు రోడ్డు మీద లారీ ప్రమాదం జరిగినా, మిరప ధర పడిపోయినా, కౌలురైతు పురుగుమందు తాగినా ముందు పరిగెత్తేది అతనే. చాలాచోట్ల అతనికి జీతం లేదు, లైన్ అకౌంటు ఉంది. రాసినదాంట్లో అచ్చయిన మేరకు కొలిచి ఇస్తారు, గజాల లెక్కన మట్టి తవ్వినట్టు. ఉద్యోగి అన్న కాగితం లేదు, కాబట్టి వేజ్ బోర్డు లేదు, నోటీసు లేదు, గ్రాట్యుటీ లేదు. పైగా ప్రకటనలు తెచ్చిపెట్టమని మెడ మీద కత్తి. కూలి పెంపు కోసం మన జనం తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు, నోటు పుస్తకం పట్టుకుని వివరాలు రాసుకునే కుర్రాడికి ఆ రోజు ఎన్ని పైసలు పడతాయో అడిగి చూడండి. చెప్పడానికి సిగ్గుపడతాడు. సంఘంలో చేరావా అని కూడా అడగండి.

నార్ల కొన్న పుస్తకాలు చాలా ఉండేవి. పుస్తకమంటే ఆయనకు పిచ్చి. ఆయన పోయాక ఆ గ్రంథాలయం హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయానికి చేరింది. బడి మానేసి పనుల్లో పడ్డవాళ్లు మళ్లీ చదువుకోవడానికి పెట్టిన విశ్వవిద్యాలయం అది.